చిన్న కెమెరాతో సినిమా లుక్: ముప్ఫై వేలు లెన్స్‌కు పెట్టాలా, వెలుగుకు పెట్టాలా?

మిర్యాలగూడ లోకల్
నా దగ్గర 1 అంగుళం సెన్సర్ ఉన్న చిన్న వీడియో కెమెరా ఉంది. సెకండ్ హ్యాండ్‌ది, లెన్స్ మార్చడానికి వీల్లేదు. పదిహేను నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. బత్తాయి తోట ఎండిపోయిన రైతు, ఆయన తల్లి కథ. మొన్నటి రషెస్ (ఎడిట్ చేయని ఫుటేజ్) చూస్తే అచ్చం పెళ్లి క్యాసెట్‌లా ఉంది. చేతిలో ముప్ఫై వేలున్నాయి. పాతదైనా సరే పెద్ద సెన్సర్ బాడీ, ఒక 50 ఎంఎం లెన్స్ కొందామని నేను. మా రూమ్మేట్ మాత్రం "వెలుగు సంగతి చూడు, కెమెరా జోలికి పోకు" అంటున్నాడు. మీరేమంటారు?

మండపం కెమెరా, పాలమూరు
పెళ్లి క్యాసెట్ అంటే అంత చులకనా తమ్మీ? సరే, కొను. పేరుకు 1 అంగుళం గానీ ఆ సెన్సర్ కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లే. పెద్ద సెన్సర్, అదే ఫుల్ ఫ్రేమ్, 36 × 24. వైశాల్యంలో ఏడు రెట్లు పైనే తేడా. తెల్లవారుజామున మూడింటికి జీలకర్ర బెల్లం పెడుతుంటే గెయిన్ (చీకట్లో బొమ్మను కృత్రిమంగా వెలిగించే సెట్టింగ్) పెంచి చూడు, నల్లటి చోటల్లా చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. 2008లో ఫుల్ ఫ్రేమ్ కెమెరా కెనాన్ 5డీ మార్క్ 2 రాగానే చిన్న బడ్జెట్ వాళ్లంతా దాని మీద ఎందుకు పడ్డారు? వెనక బ్లర్ కోసమే కదా.

థర్మోకోల్ అన్న, నల్లగొండ
అన్నా, మీ మాట పెళ్లికి నూటికి నూరు పాళ్లు నిజం. ముహూర్తం మన కోసం ఆగదు. ఈ తమ్మునిది కథ, ఎప్పుడు తీయాలో తనిష్టం. ఆ 5డీలో మొదట సెకనుకు 30 ఫ్రేములే ఉండేవి, సినిమాలో ఉండే 24 కోసం జనం 2010 అప్‌డేట్ దాకా ఎదురుచూశారు. పానాసోనిక్ డీవీఎక్స్ 100 అనే వీడియో కెమెరా అయితే 2002లోనే 24 ఫ్రేములతో వచ్చింది. అందులో ఉన్నవి 1/3 అంగుళం సీసీడీ సెన్సర్లు, నీ సెన్సర్ కంటే ఎంతో చిన్నవి. సినిమా లుక్‌లో బ్లర్ ఒక ముక్క మాత్రమే. కదలిక ఎలా కనిపిస్తుందన్నది అంతకంటే పెద్ద ముక్క.

తమ్మీ, పైసా ఖర్చు లేనివి ముందు చెయ్. మెనూలో షార్ప్‌నెస్ బాగా తగ్గించు. వెంట్రుక వెంట్రుకకీ గీత గీసినట్టు కనిపించడమే వీడియో కళ. సెకనుకు 25 ఫ్రేములు, షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) సెకనులో 1/50 పెట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు పెరిగి తగ్గుతుంది. 1/50లో సరిగ్గా రెండు విడతలు పడతాయి, ఫ్లికర్ ఉండదు. 1/60 పెట్టావంటే గోడ మీద వెలుగు అలలుగా ఊగొచ్చు.

బయట మిట్టమధ్యాహ్నం అదే 1/50, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 100 అంటే లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 22 దాకా మూయాలి. బ్లర్ కోసం రంధ్రం తెరిచి ఎఫ్ 2.8లో ఉండాలంటే వెలుగును ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు సగం) కోయాలి, అంటే ఎన్‌డీ 64, వెలుగు తగ్గించే నల్ల ఫిల్టర్. నీ ముప్ఫై వేలల్లో మొదట కొనాల్సింది అదే. తిప్పి నలుపు పెంచుకునే వేరియబుల్ ఎన్‌డీ కొంటే చివరిదాకా తిప్పకు, ఫ్రేమ్ మీద నల్లగా ఎక్స్ పడుతుంది.

వెలుగు అంటావా, ఒకసారి పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి పోయి గర్భగుడిలో నిలబడు. బయట సూర్యుడు జరుగుతున్నా లింగం వెనక నీడ జరగదు. నేరుగా పడే ఎండ కాదది, స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగు. నాకు ఏ క్లాసులోనూ ఎక్కని విషయం అక్కడ ఎక్కింది.

మండపం కెమెరా, పాలమూరు
గుడి బాగుంది. రాత్రి సీన్ సంగతి చెప్పు. రైతు కథలో అర్ధరాత్రి మోటార్ వేయడానికి పోయే సీన్ లేకుండా ఉంటుందా? వెలుగు తిప్పికొట్టే మీ థర్మోకోల్ షీటు అక్కడ ఏం చేస్తది?

థర్మోకోల్ అన్న, నల్లగొండ
పొద్దుగూకినంక ఇరవై నిమిషాలు ఆకాశంలో వెలుగుంటుంది. ఎక్స్‌పోజర్ తగ్గించి, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ సెట్టింగ్) 3200కి దించితే నీలం రాత్రి వచ్చేస్తుంది.

మండపం కెమెరా, పాలమూరు
ఆ ఇరవై నిమిషాల్లో మీ హీరో డైలాగ్ మరిచిపోతే మళ్లీ రేపు సాయంత్రమేనా?

మిర్యాలగూడ లోకల్
ఇద్దరి మాటా పరీక్షించాను. తల్లి చాటలో బియ్యం చెరిగే సీన్. ట్యూబ్‌లైట్ ఆపేసి, కిటికీ మూసి, తలుపుకు తెల్ల పంచె కట్టాం. రెండో పక్క నల్ల గొంగడి వేలాడదీశాం. కెమెరా పెరట్లోకి జరిపి, ఫుల్ జూమ్ పెట్టి, వెనక గోడకు పన్నెండడుగులు ఎడంగా ఆమెను కూర్చోబెట్టాం. ముఖంలో సగం వెలుగు, సగం చీకటి. చాట ఎగరేసినప్పుడల్లా పొట్టు ఆ వెలుగులోకి లేచి మెల్లగా దిగుతోంది. ఇది తీసింది అదే కెమెరానా అని రూమ్మేట్ అడిగాడు. బ్లర్ కొంచమే ఉంది, అయినా లోటనిపించలేదు.

మోటార్ సీన్ మాత్రం పోయింది. మండపం అన్న అన్నట్టే జరిగింది. మూడో టేక్‌కే వెలుగు పోయింది, నాలుగో టేక్ నిండా చీమలే. ఆ ఒక్క రాత్రికి పెద్ద సెన్సర్ బాడీ అద్దెకు తీసుకోవాలనుకుంటున్నా. కొనడం పక్కన పెట్టాను.

మండపం కెమెరా, పాలమూరు
అద్దె ఎందుకు? మంగళవారం మాకు పెళ్లిళ్లుండవు, నా బాడీ తీస్కపో. కార్డు, బ్యాటరీలు నీవే తెచ్చుకో. పొలం మట్టిలో మాత్రం లెన్స్ మార్చకు. అవునుగానీ, ఆ గొంగడి ఆమెకు ఎంత దూరంలో కట్టినవ్?