మధ్యాహ్నం మూడు దాకా తంగేడు పూలు రాలకుండా ఉంచడం ఎలా?

మాది తెలంగాణలో ఐదో తరగతి వరకున్న ప్రభుత్వ పాఠశాల. దసరా సెలవులకు ముందు బడిలోనే బతుకమ్మ పేరుస్తాం. పిల్లలు పూలను రంగులవారీగా వేరుచేస్తారు, రేకులు లెక్కపెడతారు, తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి వరుసలు కడతారు. మూడో తరగతి వాళ్లకు గుణకారం పుస్తకంలోకన్నా ఇక్కడే బాగా ఒంటబట్టింది. తల్లులు పొలం పనులు ముగించుకుని మూడింటికి వస్తారు కాబట్టి ఆట అప్పుడే మొదలవుతుంది.

చిక్కంతా తంగేడుతోనే. ఉదయం 7 గంటలకు కోసిన పూలు 11 కల్లా వడలిపోతున్నాయి. ఒంటిగంటకు పసుపు రేకులన్నీ నేలమీద, కాడలు మా చేతిలో! గునుగుకు ఈ బాధ లేదు, రంగు అద్దినా చెక్కుచెదరదు. బంతి, సీతజడ కూడా సాయంత్రం దాకా నిలుస్తున్నాయి.

తడిగుడ్డ కప్పితే లోపల ఉక్కకు రేకులు నల్లబడ్డాయి. నీళ్లు చల్లితే ఒకదానికొకటి అతుక్కుని ఇంకా తొందరగా రాలాయి. కొమ్మలతో సహా బకెట్ నీళ్లలో నిలబెడితే మొగ్గలు బాగున్నాయి గానీ విచ్చిన పూలు ఆగలేదు. బడిలో ఫ్రిజ్ లేదు. కాగితం పూలు పెట్టమని మాత్రం చెప్పకండి, పిల్లలూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను.

పండుగ తొలిరోజు ఆడే ఎంగిలిపూల బతుకమ్మకు ముందురోజే పూలు కోసిపెట్టుకునే ఇళ్లున్నాయి కదా. అలా చేసేవారు తంగేడును ఏ వేళకు కోసి, మర్నాటి దాకా దేనిలో ఉంచుతారు?