తోడు ప్రయోగంలో తప్పేమిటి?

ముంతపెరుగు: మా అబ్బాయిది ఏడో తరగతి. మరిగే పాలు స్టీలు గిన్నెలో, గోరువెచ్చని పాలు మట్టి ముంతలో పోసి రెండింటిలోనూ చెంచాడు మజ్జిగ వేశాడు. తెల్లవారేసరికి ముంతలో గడ్డ పెరుగు, గిన్నెలో పాలే. వేడికి బ్యాక్టీరియా చనిపోయిందని రాస్తే టీచరు ఒప్పుకోలేదట. పాలు పోయింది నావి, కారణం నాకూ తెలియాలి!

పాతమాస్టారు: మరిగే వేడికి పాలను తోడుపెట్టే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా బతకదమ్మా, ఆ మాట నిజమే. కానీ వేడితోపాటు పాత్ర కూడా మారిందిగా! తేడా ముంత వల్ల కాదని ఎలా చెబుతాడు? 1668లో ఇటలీలో ఫ్రాన్సిస్కో రెడీ అనే వైద్యుడు మాంసాన్ని కొన్ని సీసాల్లో తెరిచి ఉంచాడు, కొన్నింటికి పలుచని గుడ్డ కట్టాడు. తెరిచిన వాటిలోని మాంసానికే పురుగులు పట్టాయి. మాంసం అదే, ఈగలు వాలడమే తేడా.

గోరువెచ్చన: తోడు వేయని గిన్నె ఒకటి పక్కన ఉండాలి. ఒక్కో రకానికి మూడేసి గిన్నెలు పెడితే ఇంకా నయం.

ముంతపెరుగు: తొమ్మిది గిన్నెలా! టీ కప్పులు ఇస్తాను, అవీ ఒకే సెట్టువి.