సింక్ సౌండ్ షూట్‌కి రీఛార్జబుల్ సెల్స్: తక్కువ బడ్జెట్‌లో ఏవి కొనాలి?

బూమ్‌పోల్_విజయనగరం

అందరికీ నమస్తే. డిసెంబర్‌లో పాడేరు, చింతపల్లి వైపు ఒక చిన్న సినిమా షూట్ ఉంది. సౌండ్ నేను చూసుకుంటున్నాను. నటించేవాళ్లలో సగం మంది అక్కడి ఊళ్ల వాళ్లే. వాళ్లను తర్వాత స్టూడియోకి పిలిపించి డబ్బింగ్ చెప్పించడం కుదిరే పని కాదు. అందుకే డైలాగ్ మొత్తం అక్కడికక్కడే రికార్డ్ కావాలి, అంటే సింక్ సౌండ్.

నా దగ్గర జూమ్ ఎఫ్6 రికార్డర్, రోడ్ ఎన్‌టీజీ2 బూమ్ మైక్, సెన్‌హైజర్ జీ4 వైర్‌లెస్ సెట్లు రెండు ఉన్నాయి. రికార్డర్‌లో 4 ఏఏ సెల్స్ పడతాయి. వైర్‌లెస్‌లో నటుడి ఒంటి మీద ఉండే ఒక్కో ట్రాన్స్‌మిటర్‌కి 2, నా దగ్గర ఉండే ఒక్కో రిసీవర్‌కి 2. అంటే ఒక్క విడతకే 12 సెల్స్. ఇన్నాళ్లూ మామూలు ఆల్కలైన్ సెల్స్ కొంటూ నెట్టుకొచ్చాం. ఇన్ని రోజుల షూట్‌కి అలా కొనమంటే ప్రొడక్షన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు, వాళ్ల బాధా నిజమే.

ఆన్‌లైన్‌లో రీఛార్జబుల్ సెల్స్ చూస్తే 3800 ఎంఏహెచ్ (కెపాసిటీ) అని రాసినవి చాలా చవగ్గా వస్తున్నాయి. పేరున్న కంపెనీవేమో 2000 అని రాసుకుని అంతకు రెండింతలు అడుగుతున్నాయి. ఎందుకలా? ఇంకో సంగతి. ఒక ఫ్రెండ్ దగ్గర రీఛార్జబుల్ సెల్స్ తీసుకుని ఫుల్ ఛార్జి చేసి రికార్డర్‌లో వేస్తే, ఆన్ చేసిన కాసేపటికే సగం చూపించింది. సెల్స్ చెడిపోయినట్టా?

లొకేషన్‌లో జనరేటర్ ఉండదు. రాత్రి లాడ్జికి వచ్చాకే కరెంటు. బడ్జెట్ ఛార్జర్‌తో కలిపి 8,000. కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

ఎడిట్_టేబుల్

ఎఫ్6కి టైప్-సీ పోర్ట్ ఉంది కదా, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి బ్యాగ్‌లో పడేస్తే సరిపోతుంది. ఇంట్లో ఉన్నదే వాడొచ్చు, ఖర్చు లేదు.

లొకేషన్_సౌండ్_కృష్ణానగర్

తమ్ముడూ, ముందు ఆ 3800 సంగతి తేల్చేద్దాం. ఏఏ సైజు నికెల్ సెల్‌లో, అంటే నువ్వు చూస్తున్న ఎన్ఐ-ఎంహెచ్ రీఛార్జబుల్ రకంలో, నిజంగా పట్టేది 2700, 2800 దాకానే. ఆ పైన ఏ నంబర్ కనిపించినా అది స్టిక్కర్ మీద ఉంటుంది, సెల్‌లో ఉండదు. అనుమానం ఉంటే వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టి చూడు. 2000 ఇచ్చే మంచి సెల్ ఒక్కోటి 26, 27 గ్రాములు తూగుతుంది. 3800 అని రాసుకున్నది అంతకంటే తేలిగ్గా ఉందంటే లోపల సరుకే లేదని అర్థం. 2000 అని రాసి 2000 ఇచ్చేవే కొను.

తెల్లరంగు ఎనిలూప్ నా మొదటి ఓటు. 2005లో సాన్యో తెచ్చింది, ఇప్పుడు పానసోనిక్ పేరుతో వస్తోంది. దాన్ని ఎంచుకునేది కెపాసిటీ చూసి కాదు. ఛార్జి చేసి పక్కన పెడితే ఆ ఛార్జి నెలల తరబడి నిలుస్తుంది. పాత రకం నికెల్ సెల్స్‌ని ఛార్జి చేసి బ్యాగ్‌లో పెట్టి వారాల తర్వాత తీస్తే చాలావరకు దిగిపోయి ఉండేవి. ఏ కంపెనీది కొన్నా ప్యాకెట్ మీద 'లో సెల్ఫ్ డిశ్చార్జ్' అనో 'ప్రీ ఛార్జ్‌డ్' అనో ఉందా చూసుకో. హైదరాబాద్ ఎవరైనా వస్తుంటే ఐకియా వాళ్ల సొంత రీఛార్జబుల్ సెల్స్ దొరుకుతాయేమో చూడమను, ధరకు తగ్గ సరుకు. ఎనిలూప్ ప్రో కెపాసిటీ ఇంకా ఎక్కువే. కానీ కంపెనీ లెక్కలోనే తెల్లది 2,100 సార్లు ఛార్జి అయితే ప్రో 500 సార్లే. రోజూ ఛార్జి పెట్టే మనలాంటి వాళ్లకు తెల్లదే లాభం.

మీటర్ సగం చూపించడానికి కారణం వేరే, సెల్స్‌కి ఏ రోగమూ లేదు. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టుల దగ్గర మొదలై మెల్లగా దిగుతుంది. నికెల్ సెల్ మొదటి నుంచీ 1.2 దగ్గరే నిలకడగా నడిచి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ఆల్కలైన్ లెక్కన చూసే మీటర్‌కి ఆ 1.2 సగం అయిపోయినట్టు కనిపిస్తుంది. ఎఫ్6 మెనూలో సెల్ రకం అడిగే చోటు ఉంది. అక్కడ ఆల్కలైన్ ఉంటే మార్చి ఎన్ఐ-ఎంహెచ్ పెట్టు. వైర్‌లెస్ మీటర్‌ని మాత్రం నమ్ముకోకు. బార్లు ఎన్ని ఉన్నా లంచ్ బ్రేక్‌లో వైర్‌లెస్ సెల్స్ అన్నీ మార్చేయడం నియమంగా పెట్టుకో. ఊరాయన గుండెల్లోంచి ఒక మాట చెప్తున్నప్పుడు ట్రాన్స్‌మిటర్ ఆగిపోతే, రెండో టేక్‌లో ఆ మాట అలా రాదు.

ఇప్పుడు అసలు విషయం. రికార్డర్‌ని ఏఏ సెల్స్ మీద నడపొద్దు. లెక్క చూడు: 2000వి నాలుగు కలిపితే 9.6 వాట్-అవర్ (ఎంఏహెచ్‌ని వోల్టులతో కలిపి చూసే మొత్తం శక్తి). ఎఫ్6 వెనక సోనీ ఎన్‌పీ-ఎఫ్ రకం బ్యాటరీ నేరుగా తగులుతుంది. అందులో 750 సైజుది 4400 ఎంఏహెచ్, 7.2 వోల్టులు, అంటే 31 వాట్-అవర్ పైనే. నీ ఏఏ సెట్లు మూడింటి కంటే ఎక్కువ ఒక్కదాంట్లో వస్తుంది. ఇక్కడా స్టిక్కర్ అబద్ధాలు ఉంటాయి. పెద్దది, 970 సైజుది, లోపల ఆరు 18650 రకం గుండ్రటి లిథియం సెల్స్‌తో ఉంటుంది, మూడు జతలుగా. జతలో రెండు కలిస్తే వోల్టులే పెరుగుతాయి, ఎంఏహెచ్ పెరగదు. ఒక్కో సెల్ 3500 అనుకున్నా మొత్తం 10,500 దాటదు. చవక ప్యాక్ మీద అంతకంటే పెద్ద అంకె ఉంటే ముట్టుకోకు.

ఎన్‌పీ-ఎఫ్ పెట్టాక కూడా లోపల నాలుగు ఏఏ సెల్స్ ఉంచు. వెనకది అయిపోతే రికార్డర్ వాటి మీదకు మారుతుంది. వెళ్లే ముందు ఇంట్లోనే రికార్డింగ్‌లో పెట్టి ఒకసారి పరీక్షించుకో.

పవర్ బ్యాంక్ చెప్పిన మిత్రుడి మాట తప్పేం కాదు, టేబుల్ మీద పెట్టి రికార్డ్ చేసేటప్పుడు బాగానే ఉంటుంది. భుజాన బ్యాగ్ వేసుకుని గట్ల మీద నడిచేటప్పుడు ఆ టైప్-సీ పిన్నుకి లాక్ ఉండదు, ఒక్క లాగుడుకు ఊడుతుంది. పైగా వైర్‌లెస్ సెట్లకు దానివల్ల ఉపయోగం లేదు.

సెల్స్ కొన్నాక జతలుగా విడదీసి, ఒక్కో జతకు ఒక్కో రంగు నెయిల్ పాలిష్ చుక్క పెట్టు. మార్కర్ రాత చెమటకి పోతుంది. ఒకసారి జత అయినవి ఎప్పటికీ కలిసే వాడాలి, కలిసే ఛార్జి కావాలి. బలమైన దాని పక్కన నీరసమైనది పడితే, నీరసమైనది ముందే ఖాళీ అయి దాని పోలారిటీ (ప్లస్, మైనస్) తిరగబడుతుంది. ఆ దెబ్బకి సెల్ పాడైపోతుంది.

ఛార్జర్ దగ్గర పిసినారితనం వద్దు. ఒక్కో స్లాట్‌ని విడిగా చూసి, ఏ సెల్ నిండితే దాన్ని ఆపేసేది తీసుకో. రెండేసి మాత్రమే పెట్టమనేవి, టైమర్ మీద నడిచేవి సెల్స్‌ని కాల్చేస్తాయి. 8 స్లాట్లది అయితే లాడ్జికి రాగానే ఒక విడత, పడుకునే ముందు రెండో విడత. మన పెద్దవాళ్లు నాగ్రా టేప్ రికార్డర్ మోసిన రోజుల్లో అందులో 12 పెద్ద టార్చ్ సెల్స్ పడేవి. ఆ బరువు ముందు మనది సుఖమైన బతుకు.

గ్యాడ్జెట్_గుంటూరు

యూఎస్‌బీతో ఛార్జి అయ్యే 1.5 వోల్టుల లిథియం ఏఏ సెల్స్ వచ్చాయి కదా, మీటర్ సమస్యే ఉండదు. అవి ఎందుకు చెప్పలేదు అన్నా?

లొకేషన్_సౌండ్_కృష్ణానగర్

టార్చ్‌కి, రిమోట్‌కి హాయిగా వాడుకోవచ్చు. వాటి లోపల లిథియం సెల్ 3.7 వోల్టులది. దాన్ని 1.5కి దించే చిన్న సర్క్యూట్ ఒకటి ఉంటుంది. కొన్నింట్లో ఆ సర్క్యూట్ నుంచి వచ్చే నాయిస్ రిసీవర్ రేంజ్‌ని తినేస్తుంది. ఇంకా పెద్ద ఇబ్బంది, చివరి నిమిషం దాకా మీటర్ ఫుల్ చూపించి టక్కున ఆగిపోతాయి. నటుడి ఒంటి మీద ఉన్న ట్రాన్స్‌మిటర్‌లో అలాంటివి నేను పెట్టను.

చింతపల్లి_మాస్టారు

షూట్ డిసెంబర్‌లో అన్నారు కాబట్టి ఒక మాట. లంబసింగి వైపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక్కోసారి సున్నా దగ్గరికి పోతుంది. చలికి ఆల్కలైన్ సెల్స్ బాగా నీరసపడతాయి, నికెల్‌వి అంతగా పడవు. ఎన్‌పీ-ఎఫ్ లాంటి లిథియం ప్యాకులు కూడా చలిలో కొంత తక్కువే నడుస్తాయి. స్పేర్‌వి బ్యాగ్ పై జేబులో కాక స్వెటర్ లోపల పెట్టుకోండి బాబూ. ఇక్కడి మంచుకి తెల్లారేసరికి అన్నీ తడిసి ఉంటాయి. బయటి చలిలోంచి వెచ్చని గదిలోకి తెచ్చిన సెల్స్‌ని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టకండి, తుడిచి కాసేపు ఆరనివ్వండి.

బూమ్‌పోల్_విజయనగరం

అన్నా, మాస్టారూ, చాలా థాంక్స్. మెనూలో మార్చాను, మీటర్ నిండుగా చూపిస్తోంది! ఒక్క డౌట్. వైర్‌లెస్‌కి రెండు విడతలు 16, రికార్డర్ లోపలికి 4, మొత్తం 20 సెల్స్. ఛార్జర్, ఎన్‌పీ-ఎఫ్ రెండు కలిపితే 8,000 దాటిపోతోంది. ఏది తగ్గించాలి?

లొకేషన్_సౌండ్_కృష్ణానగర్

ఎన్‌పీ-ఎఫ్ కొనడం ఆపు. మీ కెమెరా అసిస్టెంట్‌ని అడుగు, ఎల్ఈడీ ప్యానెల్ లైట్లకు, మానిటర్లకు వాళ్లు వాడేవి చాలావరకు ఇవే బ్యాటరీలు. రోజుకి రెండు నీకోసం విడిగా ఛార్జి పెట్టమని షూట్ మొదలవకముందే మాట తీసుకో, ప్రొడక్షన్ మేనేజర్ ఎదురుగా. రికార్డర్ లోపలి నాలుగూ అక్కరకు మాత్రమే, కాబట్టి వాటికి ఆల్కలైన్ వేసి, మెనూలో రకం మళ్లీ మార్చి, ప్యాకప్ రోజున గుర్తుగా తీసెయ్, లీకైతే కాంటాక్టులు తినేస్తాయి. అప్పుడు కొనాల్సింది 16 సెల్స్, ఒక మంచి ఛార్జర్. లాడ్జి గదిలో ప్లగ్గులు తక్కువ ఉంటాయి, జంక్షన్ బాక్స్ కూడా పట్టుకెళ్లు.