గాలి హోరున్న రోజుల్లో బీచ్ మూసేయాలా?

ఎంవీపీ కాలనీ వాసి
మొన్న ఆదివారం అల్పపీడనం, ఈదురుగాలి. మన విశాఖ ఆర్కే బీచ్‌లో మోకాలి లోతులో నిలబడ్డ మా మేనల్లుడిని వెనక్కి మళ్లిన కెరటం ఈడ్చుకుపోయింది. పద్నాలుగేళ్లవాడు, ఈత వచ్చు. పక్కనున్న ఒకాయన జబ్బ పట్టుకుని లాగబట్టి ఇంటికొచ్చాడు. హెచ్చరిక ఉన్న రోజు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఎవర్నీ ఇసుకలో అడుగు పెట్టనివ్వకూడదంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

మురీ మిక్చర్ బండి
అన్నా, బాబు దక్కాడు, అదే పదివేలు. కానీ ఇసుకంతా మూసేస్తే మా బండ్లు, మొక్కజొన్న పొత్తులవాళ్లు, గుర్రాలవాళ్లు ఏం తినాలి? వానాకాలంలో వారానికో హెచ్చరిక వస్తాది. నీళ్లలోకి దిగనివ్వకండి, ఒప్పుకుంటాను. గట్టు మీద కూర్చున్నవాణ్ణి ఎందుకు తరమాలి?

ఎంవీపీ కాలనీ వాసి
గట్టు మీదా ప్రమాదమే కదా? హుద్‌హుద్ తుపానుకి రేకులు ఎలా ఎగిరాయో మర్చిపోయామా?

జాలరిపేట కుర్రాడు
బాబాయ్, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లు. ఆ రోజు బీచ్‌కి వెళ్లొద్దని ఎవరికీ చెప్పక్కర్లేదు. నా భయమంతా ఎండ కాసే రోజు గురించే. వాయుగుండం ఎక్కడో నడిసముద్రంలో ఉంటుంది, ఇక్కడ ఆకాశం తేటగా ఉంటుంది, దాని కెరటాలు మాత్రం మన ఒడ్డుకొచ్చేస్తాయి.

కెరటాలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ వెనక్కి పోవాలి కదా. ఇసుక తిన్నెల మధ్య సందు దొరికితే అందులోంచి జోరుగా లోపలికి పోతాయి. ఆ సందులో కెరటం విరగదు, నురగ ఉండదు, నీళ్లు నున్నగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు అదే మంచి చోటనుకుని దిగుతారు. సందు నిన్న ఉన్నచోట ఇవాళ ఉండకపోవచ్చు. నీళ్లు లాగితే ఒడ్డుకు ఎదురీదకూడదు, గజ ఈతగాడైనా అలిసిపోతాడు. తేలుతూ చెయ్యెత్తాలి, ఓపికుంటే ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి. లాగుడు తగ్గాక కెరటాలతోపాటు ఒడ్డుకి రావాలి. చూసినవాళ్లు వెంటనే దూకేయకూడదు. ఖాళీ క్యాన్ అయినా, తాడైనా విసరాలి, 112కి ఫోన్ చేయాలి.

ఇంకోటి, పడమర గాలి. మనకది నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డున నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి, పిల్లల గాలి ట్యూబు మాత్రం క్షణంలో లోపలికి పోతుంది. దాని వెంట పడకండి, పోతే పోనివ్వండి.

సాగర్ నగర్ టీచర్
మూసివేతకు హెచ్చరికే కొలమానమైతే, ఏ హెచ్చరిక? హార్బరులో ఎగరేసే మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఓడల కోసం, స్నానానికి దిగేవాళ్ల కోసం కాదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కెరటాల ఎత్తు మీద విడిగా హెచ్చరిక ఇస్తుంది. అది వచ్చిన రోజు ఒడ్డున ఎర్రజెండాలు పాతి, తాడు కట్టి, నీళ్లకి మాత్రం అడ్డం పెట్టాలి. జెండా అంటే ఏమిటో ఒడియా, హిందీలో కూడా రాయాలి. మనకొచ్చే పర్యాటకుల్లో చాలామంది తెలుగు చదవలేరు.

ఎంవీపీ కాలనీ వాసి
సరే, ఇసుక మూసేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. తమ్ముడూ, నీ బండి నీ చోటనే ఉండనీ. అయితే తాడు దగ్గర మనిషి ఉండాలి. వట్టి తాడైతే మా వాడే దాటేసేవాడు. యారాడ బీచ్‌కు మాత్రం తాడు చాలంటే ఒప్పుకోను. మూడు వైపులా కొండలు, ఊరికి దూరం, సాయం అందేసరికి ఆలస్యమైపోతుంది. కెరటాల హెచ్చరిక ఉన్న రోజు అక్కడికి వెళ్లే దారినే ఆపేయాలి.