కొవ్వాడ నివేదిక ఇవ్వనన్నారు: సమాచార హక్కు రెండో అప్పీలులో ఏ సెక్షన్ పట్టుకోవాలి?

నేను ఉండేది విశాఖలో. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రతిపాదన. అణువిద్యుత్తు వద్దని నేను అనడం లేదు. బొగ్గు పొడి సంగతి విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ ప్రమాదాన్ని బేరీజు వేసుకోవాలంటే ముందు కాగితం చూడనివ్వాలి కదా.

సమాచార హక్కు చట్టం కింద అడిగింది ఒక్కటే: స్థల పరిశీలన నివేదికలో, ప్రమాదం జరిగితే 16 కిలోమీటర్ల పరిధిలో జనాన్ని ఎలా తరలిస్తారో రాసిన భాగం. 30 రోజుల గడువు చివర్లో ఒక్క వాక్యం జవాబు వచ్చింది, దేశ భద్రతకు భంగం కలిగించే సమాచారం ఇవ్వక్కర్లేదనే సెక్షన్ 8(1)(ఎ) కింద ఇవ్వడం కుదరదని. అందులో ఏది దేశ భద్రతకు అడ్డో రాయలేదు. మొదటి అప్పీలు వేస్తే మక్కీకి మక్కీ అదే వాక్యం, కింద సంతకం మాత్రం పై అధికారిది. ఏ దారిన బయటపడాలో ఆ ఊళ్లవాళ్లకే చెప్పకపోవడం భద్రత కాదు, అధికార దుర్వినియోగం.

రెండో అప్పీలుకి 90 రోజుల గడువు నడుస్తోంది. రహస్య భాగం తీసేసి మిగతాది ఇవ్వమనే సెక్షన్ 10 ఉంది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చనే 8(2) కూడా ఉంది. కేంద్ర సమాచార కమిషన్ ముందు వాదించిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: ఈ రెండింట్లో దేన్ని ముందు పెట్టి అప్పీలు రాయాలి?