వానలో తడిస్తే నిజంగా జలుబు చేస్తుందా?

మాది పర్లాకిమిడి. మొన్న గుణుపురం నుంచి బండి మీద వస్తూ నేనూ మా బాబూ నిలువునా తడిసిపోయాం. వాడి నిక్కరు జేబులోంచి కూడా నీళ్లు కారాయి. మూడో రోజుకి వాడికి ముక్కు కారడం మొదలైంది, నాకేం కాలేదు. "పిల్లాణ్ణి తడిపావు కాబట్టే" అంటున్నారు అత్తయ్య. రెండు రాత్రులుగా నిద్ర లేదు, తప్పు నాదేనా?

జవాబు: కాదక్కా. జలుబు వైరస్ వల్ల వస్తుంది. బడిలో ఎవరికైనా ఉందేమో కనుక్కోండి.

ఇంకో జవాబు: అత్తయ్యగారి మాటనూ కొట్టిపారేయకండి. 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో పరిశోధకులు 90 మంది కాళ్లను 20 నిమిషాలు చన్నీళ్లలో పెట్టించారు. నాలుగైదు రోజుల్లో 26 మంది జలుబు చేసిందన్నారు. ఖాళీ గిన్నెలో కాళ్లు పెట్టిన 90 మందిలో 8 మందే. ముక్కులో ముందే ఉన్న వైరస్ చలికి బయటపడుతుందని వాళ్ల ఆలోచన.

అడిగినవారు: కనుక్కున్నాను. వాడి బెంచీలో ఇద్దరికి వారం నుంచి రొంపట.