బూజు పట్టిన శనక్కాయలు గానుగాడిస్తే తప్పేంటి?

కనిగిరి రైతు:
వానకు తడిసిన కాయల్ని వ్యాపారి వద్దన్నాడు. నూనె ఆడించి, మిగిలిన చెక్క గేదెలకు పెడదామంటే, లివర్ పాడవుద్దని మా బావమరిది గొడవ. ఎలుకలకు ఈ బూజు విషం పెట్టి చేసిన పరిశోధనలు మనకెందుకు? తాతల నాటి నుంచి ఆడిస్తున్నాం గదా.

ఉదయగిరి:
నిజం అన్నా. ఎలుక లివర్ వేరు, మన లివర్ వేరు. నూనె కాగితే బూజు చచ్చిపోద్ది.

కావలి ల్యాబ్:
బూజు చస్తుంది, అది వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం మాత్రం వంట వేడికి పోదు.

ఎలుకకు దీనివల్ల లివర్ క్యాన్సర్ తేలిగ్గా వస్తుంది, చిట్టెలుక తట్టుకుంటుంది. ఎందుకని తవ్వితేనే గుట్టు తెలిసింది. ఈ విషాన్ని డీఎన్‌ఏకు అతుక్కునే రూపంలోకి మార్చేది లివరే. ఆ రూపాన్ని పట్టి బయటికి నెట్టే ఎంజైమ్ చిట్టెలుకకు గట్టిగా ఉంది. మనకు అంత లేదన్నా! అందుకే ఆ ప్రయోగాలు మనకు కావాలి.

పోనీ, ఎలుకల్ని వదిలేయండి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. వాటి దాణాలో ఉన్నది ఈ విషం పట్టిన బ్రెజిల్ శనక్కాయ చెక్క. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా పోయారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు వెళ్లి పరిశీలించారు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకైతే క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు.

గానుగలో ఈ విషం ఎక్కువగా చెక్కలోనే మిగులుతుంది. గేదె తింటే అదే విషం ఎం1 అనే మరో రూపంలో పాలలోకి దిగుతుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు. నూనెలోకి దిగిన కాస్తా గానుగలో పోదు. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేస్తేనే చాలావరకు పోయేది.

ఉదయగిరి:
చెక్క సంగతి ఒప్పుకుంటా. నూనె మాత్రం మా ఇంట్లో మానం.

కనిగిరి రైతు:
మరి నా పెట్టుబడి? బస్తాలన్నీ పారబోయమంటారా?

కావలి ల్యాబ్:
అన్నీ వద్దన్నా. విషం కొన్ని గింజల్లోనే కూడుకుని ఉంటుంది. కాయలు ఒలిచి ముడతపడ్డవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి ఏరేయండి. ఏరినవి కోళ్లకు కూడా వేయొద్దు. మిగతావి తేమ 8 శాతం లోపు వచ్చేదాకా ఎండబెట్టి, తిండికి వాడేముందు ఒక శాంపిల్ టెస్టు చేయించండి. తడిసిన పంటకు పరిహారం ప్రభుత్వం ఇవ్వాల్సిందే. అది అడగడానికి నేనూ మీతో వస్తా.